మిర్చి యార్డు సాఫ్ట్‌వేర్‌కు టెస్ట్ డేటా: ఫ్యాక్టరీ బాయ్‌తో నకిలీ రికార్డుల తయారీ, మొదటి నుంచి చివరి వరకు

లాట్ అమ్ముడయ్యాక రైతు చేతికి రావలసిన డబ్బు సరిగ్గా లెక్కపడుతోందా అని చూసే టెస్టు నాలుగు లైన్ల పని. ఆ నాలుగు లైన్లు నడవాలంటే మాత్రం డేటాబేసులో ముందుగా ఒక రైతు ఉండాలి, అతనికి బ్యాంకు ఖాతా ఉండాలి, సరుకు దించుకున్న కమీషన్ ఏజెంటు ఉండాలి, పాట పాడి కొన్న వ్యాపారి ఉండాలి, తూకం నమోదై ఉండాలి. ఈ సరంజామాను ఎలా సమకూర్చుకున్నామన్నదే ఆ తర్వాత టెస్టులు నమ్మదగ్గవిగా ఉంటాయా, తరచూ కారణం లేకుండా విరిగిపోతుంటాయా అన్నది తేలుస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా గుంటూరు మిర్చి యార్డు తరహా లావాదేవీలు నడిపే ఒక అప్లికేషన్‌ను తీసుకుందాం. పైథాన్ భాష, దాని వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో, డేటాబేసు పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంది. టేబుళ్లు ఆరు: రైతు, బ్యాంకు ఖాతా, కమీషన్ ఏజెంటు, వ్యాపారి, లాట్, చెల్లింపు. లాట్‌లో రకం (తేజ, 334, 341, బ్యాడిగి, తాలు), బస్తాల సంఖ్య, నికర బరువు, క్వింటాల్ ధర ఉంటాయి.

జాంగోలో ముందు నుంచీ ఉన్న దారి ఫిక్స్చర్ ఫైళ్లు. జేసన్‌లో రికార్డులు రాసి పెట్టుకుని టెస్టుకు ముందు లోడ్ చేయడం. రెండు మూడు టేబుళ్లున్నప్పుడు ఇది సరిపోతుంది. మోడల్‌లో తప్పనిసరి కాలమ్ ఒకటి కొత్తగా చేరిన రోజున ప్రతి ఫైలూ విప్పి దిద్దుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు, అందరూ అవే రికార్డులు పంచుకోవడం. ఒకరు తమ టెస్టు కోసం ఏడో నంబరు రైతు ఊరు మారిస్తే, ఆ రైతును నమ్ముకున్న మిగతా టెస్టులన్నీ పడిపోతాయి. పైగా టెస్టు చదివేవాడికి ఏడో నంబరు రైతులో ఏ సంగతి ముఖ్యమో ఎక్కడా కనిపించదు. ఫ్యాక్టరీలు, అంటే అడిగినప్పుడల్లా కొత్త రికార్డు తయారుచేసి ఇచ్చే క్లాసులు, ఈ మూడింటినీ తీరుస్తాయి: ప్రతి టెస్టూ తనకు కావలసిన రికార్డును తానే చేయించుకుంటుంది, తనకు ముఖ్యమైన విలువను తానే పేరుపెట్టి చెబుతుంది, మిగతావి ఫ్యాక్టరీ నింపుతుంది.

మొదటి మెట్టు: ఏర్పాటు

ఫ్యాక్టరీలు రాసుకోవడానికి ఉన్న పైథాన్ లైబ్రరీ ఫ్యాక్టరీ బాయ్. పిప్‌తో దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే, నకిలీ పేర్లు, చిరునామాలు ఇచ్చే ఫేకర్ లైబ్రరీ దానితోపాటే వస్తుంది. టెస్టులు నడపడానికి పైటెస్ట్ వాడేవాళ్లు పైటెస్ట్ జాంగో కూడా పెట్టుకోవాలి. వీటిని డెవలప్‌మెంట్ రిక్వైర్‌మెంట్స్ ఫైలులోనే రాయండి, ప్రొడక్షన్ ఫైలులో వద్దు. ఫేకర్ వెర్షన్‌ను చివరి అంకె దాకా బిగించి రాయాలి. అది ఎందుకో సీడ్ (యాదృచ్ఛిక విలువల వరుసకు మొదలుగా ఇచ్చే సంఖ్య) సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ప్రతి యాప్‌లో టెస్టుల ఫోల్డరు కింద ఫ్యాక్టరీల కోసం ఒకే ఫైలు ఉంచండి. టెస్టు ఫైలులోనే ఫ్యాక్టరీ రాయడం మొదట్లో తేలిగ్గా ఉంటుంది కానీ, ఆరు నెలల్లో ఒకే రైతుకు నాలుగు ఫ్యాక్టరీలు తయారై, ఏది ఏ విలువలు ఇస్తుందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

రెండో మెట్టు: రైతు ఫ్యాక్టరీ

జాంగోమోడల్‌ఫ్యాక్టరీ నుంచి ఒక క్లాసు తీసుకుని, లోపలి మెటా క్లాసులో మోడల్ పేరు చెప్పాలి. తర్వాత ఫీల్డులు. ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే: మోడల్ తప్పనిసరిగా అడిగే ఫీల్డులే నింపండి. ఖాళీగా వదలగలిగిన ప్రతిదీ ఖాళీగానే వదలండి. ఈమెయిలు లేని రైతులు యార్డులో ఎక్కువమందే ఉంటారు. ఫ్యాక్టరీ ప్రతి రైతుకూ ఈమెయిలు ఇచ్చేస్తే, ఈమెయిలు లేనప్పుడు కోడ్ కూలిపోతుందన్న సంగతి ఒక్క టెస్టులోనూ బయటపడదు.

విలువలు నింపడానికి నాలుగు పనిముట్లున్నాయి. మారకుండా ఉండేదానికి నేరుగా విలువ రాస్తే చాలు. ఒక్కో రికార్డుకూ వేరుగా ఉండాల్సినదానికి సీక్వెన్స్. అదే రికార్డులోని ఇంకో ఫీల్డు మీద ఆధారపడేదానికి లేజీ ఆట్రిబ్యూట్. రికార్డు తయారయ్యే క్షణంలో లెక్కించాల్సినదానికి లేజీ ఫంక్షన్.

యూనిక్ నిబంధన ఉన్న కాలమ్‌కు యాదృచ్ఛిక విలువ పెట్టకూడదు, సీక్వెన్స్ మాత్రమే పెట్టాలి. 1,000 సాధ్యమైన విలువల్లోంచి గుడ్డిగా తీస్తూ పోతే, సుమారు 38 తీసేసరికే రెండు ఒకటయ్యే అవకాశం సగానికి మించుతుంది. టెస్టులు వందల్లో ఉన్నచోట ఇది వారానికో నాలుగుసార్లు డూప్లికేట్ కీ ఎర్రర్‌గా ఎదురవుతుంది. మళ్లీ నడిపితే పోతుంది, అందుకని ఎవరూ మూలం వెతకరు. ఫేకర్‌లోని యూనిక్ సదుపాయం కొంత ఆదుకుంటుంది గానీ, కొత్త విలువ కోసం 1,000 సార్లు ప్రయత్నించి దొరక్కపోతే అదీ ఎర్రర్ ఇస్తుంది. సీక్వెన్స్‌తో ఆ బెంగ లేదు: రైతు సంఖ్య 0 నుంచి మొదలై ఒక్కొక్కటే పెరుగుతుంది.

క్లాసు లోపల నేరుగా ప్రస్తుత సమయాన్ని పిలిచి రాయడం చాలామంది చేసే పొరపాటు. ఆ లైను ఫైలు ఇంపోర్ట్ అయినప్పుడు ఒక్కసారే నడుస్తుంది. ఆ తర్వాత పుట్టిన ప్రతి రికార్డుకూ అదే సమయం పడుతుంది. ఖాళీ లిస్టు నేరుగా రాసినా ఇదే కథ: అన్ని రికార్డులూ ఒకే లిస్టును పంచుకుంటాయి, ఒక టెస్టు అందులో చేర్చింది ఇంకో టెస్టులో తేలుతుంది. రెండింటికీ లేజీ ఫంక్షనే మందు.

మూడో మెట్టు: తెలుగు పేర్లు

ఫేకర్‌లో భారతీయ ఇంగ్లీషు లోకేల్ పెడితే దేశం నలుమూలల పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి. మొదటి పేరు, చివరి పేరు అన్న వరుసలో వస్తాయి. మన రికార్డుల్లో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. కాబట్టి సొంత ప్రొవైడర్ రాసుకోవడమే మంచిది. ఫేకర్ బేస్‌ప్రొవైడర్ నుంచి క్లాసు తీసుకుని, ఓ 40 ఇంటిపేర్లు, ఓ 60 పేర్ల జాబితాలు పెట్టి, రెండింట్లోంచి ఒక్కోటి తీసి కలిపే మెథడ్ రాసి, దాన్ని ఫ్యాక్టరీ బాయ్‌లోని ఫేకర్‌కు ప్రొవైడర్‌గా జతచేయండి.

ఆ జాబితాలో పేర్లు అందంగా ఉండటంకన్నా కోడ్‌ను ఇబ్బంది పెట్టేలా ఉండటం ముఖ్యం. తెలుగు లిపి ఇక్కడ చాలా పని చేసిపెడుతుంది.

శ్రీనివాస్ అన్న పేరు కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 10 కోడ్ పాయింట్లు (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక కోడ్ పాయింట్), యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్ల చొప్పున 30 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో వర్‌క్యార్ నిడివి కోడ్ పాయింట్ల లెక్క, ఒరాకిల్‌లో వర్‌క్యార్‌2 మామూలుగా బైట్ల లెక్క. ఇంగ్లీషు పేరుకు సరిపోయిన 30 నిడివి కాలమ్‌లో, శ్రీనివాస్ కన్నా ఒక్క అక్షరం పెరిగిన తెలుగు పేరు ఒరాకిల్‌లో పట్టక ఎర్రర్ ఇస్తుంది. రసీదు మీద పేరును 20 దగ్గర కత్తిరించే కోడ్ ఉంటే, అది శ్రీ మధ్యలో తెగ్గొట్టి శ్ ఒక్కటే మిగల్చవచ్చు. కాబట్టి జాబితాలో పొడుగు పేర్లు, ఒత్తులున్న పేర్లు తప్పనిసరిగా ఉండాలి.

ఇంకో రెండు పేర్లు ప్రత్యేకంగా పెట్టండి. ఒకటి శైలజ, రెండు రకాలుగా. ఐత్వం గుర్తును ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయవచ్చు, ఎత్వం కింద ఐత్వపు గీతను విడిగా చేర్చి రెండు కోడ్ పాయింట్లుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, పోలిస్తే వేరు. సేవ్ చేసే ముందు ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఇలాంటి రెండు రూపాలనూ ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తే ఇది తీరిపోతుంది. రెండోది, చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో ఒత్తుగా కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) ఉన్న శ్రీనివాస్. "శ్రీనివాస్‌కు" అన్న మాటలోంచి విభక్తిని కత్తిరించినప్పుడు ఆ కనిపించని గుర్తు పేరు చివర అంటుకుని ఉండిపోతుంది. పైథాన్ స్ట్రిప్ దాన్ని తీయదు, ఎందుకంటే అది ఖాళీ స్థలం కింద రాదు. ఎన్‌ఎఫ్‌సీ కూడా తీయదు. రైతు పేరుతో వెతికితే రికార్డు దొరకని ఫిర్యాదుల్లో వెతకాల్సిన మొదటి చోటు ఇదే. దాన్ని తీసేసే కోడ్ రాసినా, పేరు మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. రాజ్‌కుమార్ లాంటి పేరులో అది ఉండాల్సిందే, తీసేస్తే రాతే మారిపోతుంది.

నాలుగో మెట్టు: ఆధార్, ఫోను, ఐఎఫ్‌ఎస్‌సీ

ఆధార్ 12 అంకెలు. మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు. చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కించిన చెక్ అంకె. జాకబస్ వెర్‌హాఫ్ 1969లో ప్రచురించిన ఈ పద్ధతి ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. అందుకే ఊరికే 12 అంకెలు కలిపేస్తే పదింట తొమ్మిది సార్లు వ్యాలిడేషన్ తిప్పికొడుతుంది. సీక్వెన్స్ నుంచి 11 అంకెలు చేసి, పన్నెండోది లెక్కించి చేర్చే చిన్న ఫంక్షన్ రాయండి. అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు: 236కు చెక్ అంకె 3 రావాలి.

అలా వచ్చిన నంబరు ఎవరో ఒకరి నిజమైన ఆధార్ అయ్యే వీలుంది. వ్యాలిడేటర్‌ను పరీక్షించే ఒకటి రెండు టెస్టుల్లో తప్ప మిగతా చోట్ల 1తో మొదలయ్యే నంబర్లు వాడటం క్షేమం. అవి ఎవరికీ జారీ కావు. ఇది ఎలా కుదురుతుందంటే, జాంగోలో సేవ్ పిలిస్తే వ్యాలిడేటర్లు నడవవు, ఫుల్ క్లీన్ పిలిస్తేనే నడుస్తాయి.

ఈ చివరి సంగతికి ఇంకో వైపు కూడా ఉంది, అది ప్రమాదకరం. సేవ్ వ్యాలిడేషన్ చేయదు కాబట్టి, ఫ్యాక్టరీ చెల్లని రికార్డును తయారుచేసినా నోరెత్తదు. ఐదంకెల పిన్ కోడ్ ఉన్న రైతు టెస్టులన్నీ దాటి హాయిగా తిరుగుతుంటాడు. దీనికి విరుగుడుగా, ప్రతి ఫ్యాక్టరీతోనూ ఒక్కో రికార్డు చేయించి దాని మీద ఫుల్ క్లీన్ పిలిచే టెస్టు ఒకటి రాసి పెట్టండి. ఆధార్ ఫీల్డును అందులోంచి మినహాయించవచ్చు. పది లైన్ల టెస్టు ఇది, కానీ ఫ్యాక్టరీలు దారి తప్పినప్పుడల్లా మొదట చెప్పేది ఇదే.

మిగతావి త్వరగా: పిన్ కోడ్ ఆరంకెలు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 50 నుంచి 53 వరకు మొదలవుతుంది, గుంటూరు పరిసరాలకు 522. ఐఎఫ్‌ఎస్‌సీ 11 గుర్తులు, మొదటి నాలుగు బ్యాంకు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరు శాఖవి. బ్యాంకు అక్షరాల చోట నాలుగు జడ్‌లు పెడితే చూడగానే నకిలీ అని తెలిసిపోతుంది. వ్యాపారికి పాన్ కావాలంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. నాలుగో అక్షరం వ్యక్తికి పీ, కంపెనీకి సీ, భాగస్వామ్య సంస్థకు ఎఫ్. జీఎస్‌టీ నంబరు 15 గుర్తులు, మొదటి రెండు రాష్ట్రం కోడ్ (ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36), తర్వాతి పది ఆ వ్యాపారి పానే. కాబట్టి జీఎస్‌టీని విడిగా కాక లేజీ ఆట్రిబ్యూట్‌తో పాన్ నుంచే చేయాలి. మొబైల్ నంబరు పదంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలు. అలాంటి ప్రతి నంబరూ ఎవరిదో అయి ఉంటుందనే అనుకోవాలి.

ఐదో మెట్టు: రికార్డుల మధ్య బంధుత్వం

ఎక్కువ తలనొప్పి ఇక్కడే. లాట్‌కు రైతు కావాలి. లాట్ ఫ్యాక్టరీలో రైతు ఫీల్డుకు సబ్‌ఫ్యాక్టరీగా రైతు ఫ్యాక్టరీని ఇస్తే, లాట్ చేసినప్పుడల్లా రైతు కూడా తయారవుతాడు. ఏజెంటు కూడా అంతే, వ్యాపారి మాత్రం లాట్ అమ్ముడైనప్పుడే. రెండు ఫ్యాక్టరీలు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవాల్సి వచ్చి చుట్టు తిరిగితే, క్లాసుకు బదులు దాని పూర్తి దారిని స్ట్రింగ్‌గా ఇవ్వండి.

చెల్లింపు ఫ్యాక్టరీ చూడండి. చెల్లింపుకు లాట్ ఒకటి, ఖాతా ఒకటి కావాలి. రెండింటికీ విడివిడిగా సబ్‌ఫ్యాక్టరీ రాస్తే ఏమవుతుంది? లాట్ తన రైతును తాను చేసుకుంటుంది, ఖాతా తన రైతును తాను చేసుకుంటుంది. సరుకు ఒకరిది, డబ్బు పడేది ఇంకొకరి ఖాతాలో. ఫారిన్ కీలన్నీ (ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్ రికార్డును చూపే కాలమ్‌లు) సరిగ్గానే ఉంటాయి కాబట్టి డేటాబేసు అభ్యంతరం చెప్పదు. ఇలాంటి డేటా మీద పచ్చగా వెలిగే టెస్టుకు విలువ లేదు, ఎందుకంటే వేరే రైతు ఖాతాకు డబ్బు పంపే అసలైన లోపం కోడ్‌లో ఉన్నా అది పట్టదు.

దిద్దుబాటు ఇలా: ఖాతా సబ్‌ఫ్యాక్టరీకి రైతు విలువను సెల్ఫ్ ఆట్రిబ్యూట్‌తో ఇవ్వండి. అందులో దారి రెండు చుక్కలతో మొదలవుతుంది, ఒక మెట్టు పైకి వెళ్లమని అర్థం. పైకెళ్లి చెల్లింపు దగ్గర లాట్‌ను, ఆ లాట్‌లో రైతును తీసుకుంటుంది. ఇప్పుడు ఇద్దరూ ఒక్కరే. ప్రతి ఫ్యాక్టరీకీ ఈ ప్రశ్న వేసుకోండి: ఇందులో ఒకే మనిషి దగ్గరికి రెండు దారుల్లో చేరగలమా? చేరగలిగితే సెల్ఫ్ ఆట్రిబ్యూట్ అవసరం.

లోపలి విలువ మార్చాలంటే టెస్టులో రెండు అండర్‌స్కోర్లతో దారి చెప్పవచ్చు. చెల్లింపు ఫ్యాక్టరీని పిలుస్తూ లాట్, అందులో రైతు, అందులో ఊరు అని ఒకే మాటలో చెబితే చాలు. మూడు మెట్లకు మించి లోతుకు వెళ్లాల్సి వస్తే ఆ రైతును ముందే విడిగా చేసి అందించడం చదవడానికి హాయి.

స్థితుల కోసం ట్రెయిట్లు, అంటే ఒకే పేరు కింద కలిపి పెట్టిన విలువలు, ఉన్నాయి. లోపలి పారమ్స్ క్లాసులో "అమ్ముడైనది" అని ఒక ట్రెయిట్ పెట్టి, దాని కింద వ్యాపారి, ధర, పాట సమయం మూడింటినీ కలిపి నింపండి. అమ్ముడైన లాట్‌కు ధర ఉండి వ్యాపారి లేకపోవడమన్నది అప్పుడు జరగదు. మామూలు లాట్ మాత్రం ఇంకా పాటకు రానిదిగానే ఉండనివ్వండి.

జాంగో గెట్ ఆర్ క్రియేట్ అన్న మెటా ఎంపికను రకాలు, జిల్లాలు లాంటి స్థిరమైన పట్టికలకే పరిమితం చేయండి. రైతుకు దాన్ని పెడితే, కొత్త రైతు వచ్చాడని టెస్టు అనుకుంటుంది, కానీ వచ్చేది పాత రైతే. మీరు ఇచ్చిన కొత్త ఊరు పేరు కూడా అతనికి పట్టదు.

ఆరో మెట్టు: బిల్డా, క్రియేటా

బిల్డ్ మెమరీలో ఆబ్జెక్టును మాత్రమే చేస్తుంది, క్రియేట్ డేటాబేసులో రాస్తుంది. లెక్క తేల్చే ఫంక్షన్‌కు బిల్డ్ సరిపోతుంది. అమ్ముడైన లాట్‌కు ఒక చెల్లింపును క్రియేట్ చేస్తే లాట్, రైతు, ఏజెంటు, వ్యాపారి, ఖాతా, చెల్లింపు కలిపి ఆరు ఇన్‌సర్ట్‌లు. వేల టెస్టుల్లో ఈ తేడా నిమిషాల్లో కనిపిస్తుంది.

మెమరీలో ఉన్నదీ డేటాబేసులో ఉన్నదీ ఒకటే అనుకోవద్దు. ధరను స్ట్రింగ్‌గా ఇచ్చి క్రియేట్ చేస్తే చేతిలోని ఆబ్జెక్టులో అది స్ట్రింగ్‌గానే ఉంటుంది. డేటాబేసు నుంచి మళ్లీ చదివాకే డెసిమల్ అవుతుంది. పోల్చే ముందు రిఫ్రెష్ చేయండి.

డబ్బు విషయంలో ఒక లాట్‌ను ఫ్యాక్టరీ దగ్గరే ట్రెయిట్‌గా దాచుకోవడం ఉపయోగం. బరువు 1,842.5 కిలోలు, అంటే 18.425 క్వింటాళ్లు. ధర రూ. 14,250. విలువ రూ. 2,62,556.25. కమీషన్ 2 శాతం అనుకుంటే రూ. 5,251.125, సరిగ్గా అర పైసా దగ్గర ఆగుతుంది. పైథాన్ డెసిమల్ మామూలుగా సరిసంఖ్య వైపు మళ్లి 5,251.12 ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ రౌండ్ చేస్తే పైకి వెళ్లి 5,251.13 ఇస్తుంది. రసీదు పైథాన్‌లో, నెల రిపోర్టు ఎస్‌క్యూఎల్‌లో లెక్కించే అప్లికేషన్లలో పైసా తేడాలు పుట్టేది ఇక్కడే. గుండ్రటి అంకెలతో చేసిన లాట్ దీన్ని ఎన్నటికీ బయటపెట్టదు.

లాగిన్ యూజర్‌కు ఫ్యాక్టరీ రాసేటప్పుడు పాస్‌వర్డ్‌ను మామూలు స్ట్రింగ్‌గా పెడితే లాగిన్ ఎప్పటికీ కుదరదు, హ్యాష్ చేసే (తిరిగి చదవలేని రూపంలోకి మార్చే) పెట్టాలి. టెస్టు సెట్టింగుల్లో మాత్రం ఎండీ5 హ్యాషర్ పెట్టుకోండి. అసలు హ్యాషర్ కావాలనే నిదానంగా ఉంటుంది, ప్రతి యూజర్‌కూ ఆ సమయం కట్టాల్సి వస్తుంది.

ఏడో మెట్టు: తేదీలు

నమోదు సమయానికి ఆటో నౌ యాడ్ పెట్టిన మోడల్‌లో, ఫ్యాక్టరీకి పాత తేదీ ఇచ్చినా సేవ్ సమయంలో జాంగో దాన్ని కొట్టేసి ఇప్పటి సమయం రాస్తుంది. ఎర్రర్ రాదు. గత నెల లాట్ల రిపోర్టు టెస్టు ఖాళీగా వస్తుంటే మొదట చూడాల్సింది ఇదే. మోడల్‌లో డిఫాల్ట్‌గా ప్రస్తుత సమయం ఫంక్షన్‌ను ఇవ్వడం శుభ్రమైన దారి. మోడల్ మార్చలేకపోతే, క్రియేట్ అయ్యాక క్వెరీసెట్ అప్‌డేట్‌తో తేదీ రాయండి, లేదా ఫ్రీజ్‌గన్ లైబ్రరీతో టెస్టు చూసే గడియారాన్నే ఆ రోజున నిలపండి.

భారత కాలమానం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 5 గంటలకు యార్డులో దిగిన లాట్ యూటీసీలో క్రితం రోజు రాత్రి 11:30. ఉదయం 5:30కు ముందు నమోదైన ప్రతి లాట్‌కూ ఇదే పరిస్థితి. మిర్చి లారీలు రాత్రిపూటే చేరతాయి కాబట్టి ఇది అరుదైన సంగతేమీ కాదు, రోజువారీ రిపోర్టులో సగం సరుకు నిన్నటి ఖాతాలో పడిపోవచ్చు. ఉదయం 5:29కి ఒక లాట్, 5:31కి ఒక లాట్ చేసి రెండూ ఒకే రోజు రిపోర్టులో వస్తున్నాయో లేదో చూడండి. మార్చి 31, ఏప్రిల్ 1 మధ్య కూడా ఇలాగే చేయండి, అక్కడ ఆర్థిక సంవత్సరమే మారుతుంది. వయసు లెక్కకు ఫిబ్రవరి 29న పుట్టిన రైతు ఒకరు ఉండాలి. సంవత్సరాన్ని మాత్రమే మార్చే పైథాన్ కోడ్ ఆ తేదీ దగ్గర ఎర్రర్‌తో ఆగిపోతుంది.

ఎనిమిదో మెట్టు: యాదృచ్ఛికత ఎంత?

లాట్ ఫ్యాక్టరీలో రకాన్ని ఐదింటిలోంచి ఏదో ఒకటిగా తీసేలా పెట్టారనుకోండి. తాలు కాయకు కనీస ధర నియమం వేరు. ఆ నియమాన్ని తాకే టెస్టు ఐదుసార్లలో ఒకసారి పడిపోతుంది. టెస్టుదీ తప్పు కాదు, కోడ్‌దీ తప్పు కాదు. కోడ్ ఏ ఫీల్డును చూసి నిర్ణయం తీసుకుంటుందో ఆ ఫీల్డుకు ఫ్యాక్టరీలో స్థిరమైన విలువే ఉండాలి: రకం తేజ, బస్తాలు 40, అంతే. వేరే రకం కావలసిన టెస్టు దాన్ని తానే అడుగుతుంది. పేరు, ఊరు లాంటి వాటికి మాత్రం యాదృచ్ఛికత ఉండనివ్వండి.

ఉన్న యాదృచ్ఛికతను తిరిగి రప్పించగలగాలి. ఫ్యాక్టరీ బాయ్‌లో రీసీడ్ ర్యాండమ్ అన్న ఫంక్షన్ ఉంది. పైటెస్ట్ ర్యాండమ్లీ ప్లగిన్ పెట్టుకుంటే అది ప్రతి టెస్టుకు ముందు సీడ్‌ను తిరగవేసి, వాడిన సీడ్‌ను అవుట్‌పుట్ పైభాగంలో చూపిస్తుంది. పడిపోయిన టెస్టును అదే సీడ్‌తో మళ్లీ నడపవచ్చు. ఒకే సీడ్‌కు ఒకే విలువలు వస్తాయన్న హామీ ఫేకర్ వెర్షన్ మారనంతవరకే. చిన్న విడుదలల్లో కూడా పేర్ల జాబితాలు మారుతుంటాయి, అందుకే వెర్షన్‌ను చివరి అంకె దాకా బిగించమన్నది.

తొమ్మిదో మెట్టు: లక్షల వరుసలు

వేగం పరీక్షించడానికి 5 లక్షల లాట్లు కావాలంటే ఫ్యాక్టరీలు తగిన పనిముట్టు కావు. క్రియేట్ బ్యాచ్ ఒక్కో రికార్డుకూ ఒక్కో ఇన్‌సర్ట్ పంపుతుంది. పైగా ప్రతి లాట్‌కూ కొత్త రైతును, కొత్త ఏజెంటును పుట్టిస్తుంది. 5 లక్షల ఏజెంట్లున్న యార్డు ఎక్కడా ఉండదు, అలాంటి డేటా మీద కొలిచిన వేగానికి అర్థమూ లేదు. కొన్ని వేలదాకా అయితే రైతులను ముందే సేవ్ చేసి, లాట్లను బిల్డ్ బ్యాచ్‌తో చేసి, జాంగో బల్క్ క్రియేట్‌కు ఇవ్వవచ్చు. అది సేవ్ మెథడ్‌ను పిలవదు, సేవ్ సిగ్నళ్లు పంపదు, కాబట్టి వాటిలో లెక్కించే కాలమ్‌లు ఖాళీగా మిగులుతాయి. అంతకు మించితే పోస్ట్‌గ్రెస్‌లోనే, వరుస సంఖ్యలు పుట్టించే జనరేట్ సిరీస్ ఫంక్షన్‌తో చేయండి.

అక్కడ అనుభవజ్ఞులు కూడా జారే చోటు ఒకటుంది. ప్రతి వరుసకూ యాదృచ్ఛికంగా ఒక రైతును తెచ్చుకోవడానికి, రైతుల టేబుల్‌ను ర్యాండమ్‌తో వరుసపెట్టి ఒకటి తీసే సబ్‌క్వెరీ రాస్తారు. ఆ సబ్‌క్వెరీకి బయటి వరుసతో సంబంధం లేదు కాబట్టి పోస్ట్‌గ్రెస్ దాన్ని ఒక్కసారే నడిపి అదే జవాబును అన్ని వరుసలకూ వాడుతుంది. 5 లక్షల లాట్లూ ఒకే రైతువి అవుతాయి. రైతు ఐడీలన్నింటినీ ఒక అరేగా చేసుకుని, ర్యాండమ్‌ను అరే పొడవుతో గుణించి, కింది పూర్ణాంకానికి తెచ్చి, ఒకటి కలిపి ఆ స్థానంలోని ఐడీ తీసుకోండి. ఐడీల మధ్య ఖాళీలున్నా ఇది పనిచేస్తుంది.

సమానంగా పంచడం కూడా తప్పే. నిజం యార్డులో కొద్దిమంది ఏజెంట్ల దగ్గరే ఎక్కువ సరుకు దిగుతుంది. ర్యాండమ్ విలువను ఘనం చేసి వాడితే, 500 మంది ఏజెంట్లలో మొదటి 50 మందికి దాదాపు 46 శాతం లాట్లు చేరతాయి. పెద్ద ఏజెంటు లెడ్జరు తెరిచినప్పుడు నిదానించే క్వెరీ అప్పుడు కనబడుతుంది. తేదీలను కూడా ఏడాదంతా సమంగా చల్లకుండా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చిక్కగా వేయండి.

నింపడం అయ్యాక రెండు పనులు మరవొద్దు. ఐడీలు మీరే ఇచ్చి ఉంటే, కొత్త ఐడీలు ఇచ్చే పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్‌ను (ఫ్యాక్టరీ సీక్వెన్స్ కాదు) సెట్‌వాల్‌తో గరిష్ఠ ఐడీ దగ్గరికి తేవాలి, లేకపోతే అప్లికేషన్ నుంచి వచ్చే మొదటి లాటే డూప్లికేట్ కీతో ఆగిపోతుంది. తర్వాత ఎనలైజ్ నడపాలి. అది లేకుండా పోస్ట్‌గ్రెస్ ప్లానర్‌కు పాత గణాంకాలే తెలుసు, మీరు కొలిచే వేగం తప్పు ప్లాన్‌ది అవుతుంది.

నకిలీ డేటా బయటికి పోకుండా

జాంగో టెస్ట్ రన్నర్ టెస్టు నడిచేటప్పుడు ఈమెయిళ్లను తనంతట తానే మెమరీలోకి మళ్లిస్తుంది. ఎస్ఎంఎస్ గేట్‌వేను మళ్లించదు. డెవలప్‌మెంట్ డేటాబేసును నింపే కమాండుకైతే ఈమెయిలు రక్షణ కూడా ఉండదు. "మీ ఖాతాలో రూ. 2,57,305 జమైంది" అన్న సందేశం నకిలీ నంబరు మీదుగా నిజమైన రైతు ఫోనులో మోగితే, అది ఆ ఇంట్లో ఎలాంటి ఆశ రేపుతుందో ఆలోచించండి. అందుకే డేటా నింపే కమాండు మొదటి లైన్లలోనే హోస్టు లోకల్ కాకపోయినా, డీబగ్ ఆఫ్‌లో ఉన్నా ఆగిపోయేలా రాయాలి. ఎస్ఎంఎస్ పంపే క్లాసుకు టెస్టు సెట్టింగుల్లో ఏమీ పంపని ప్రత్యామ్నాయం పెట్టాలి. ఈమెయిలుకు ఎగ్జాంపుల్ డాట్ కామ్ డొమైనే వాడండి. 1999 నాటి ఆర్ఎఫ్‌సీ 2606 దాన్ని ఉదాహరణల కోసమే కేటాయించింది. ఫేకర్‌లోని ఫ్రీ ఈమెయిల్ మెథడ్ మాత్రం జీమెయిల్, యాహూ లాంటి నిజమైన డొమైన్ల మీద చిరునామాలు ఇస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు.

ప్రొడక్షన్ డేటాను తెచ్చి పేర్లు చెరిపి వాడుకుందామన్న ఆలోచన వస్తుంటుంది. పేరు తీసేసినా ఊరు, తేదీ, బరువు, ధర కలిస్తే ఆ రైతు ఎవరో ఊళ్లోవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలోనూ, రైతు మనపై ఉంచిన నమ్మకం దృష్టిలోనూ ఆ దారి వద్దు.

ఏదైనా విరిగితే

ఒంటరిగా నడిపితే దాటి, అందరితో నడిపితే పడే టెస్టు సాధారణంగా ఐడీ 1 ఉంటుందనో, రైతులు సరిగ్గా ముగ్గురే ఉంటారనో నమ్ముకుని ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో రోల్‌బ్యాక్ అయినా (టెస్టు రాసినవన్నీ రద్దయినా) ఐడీలిచ్చే సీక్వెన్సులు వెనక్కి రావు, కాబట్టి ఐడీని ఎప్పుడూ అంకెతో పోల్చవద్దు, చేతిలో ఉన్న ఆబ్జెక్టు ఐడీతోనే పోల్చండి. అనుకున్నదానికన్నా ఎక్కువ రికార్డులు దొరుకుతుంటే ఏదో సబ్‌ఫ్యాక్టరీ మీరు అడగని రైతును కూడా చేస్తోంది: సెల్ఫ్ ఆట్రిబ్యూట్ మరచిన చోటు వెతకండి. బిల్డ్ చేసిన ఆబ్జెక్టును బల్క్ క్రియేట్‌కు ఇస్తే సేవ్ కాని సంబంధిత ఆబ్జెక్టు ఉందని జాంగో ఎదురుతిరిగితే, తల్లి రికార్డులు ముందు సేవ్ కాలేదన్నమాట. డేటాబేసును దాచుకుని మళ్లీ వాడే ఐచ్ఛికంతో నడిపినప్పుడు మాత్రమే డూప్లికేట్ కీ వస్తుంటే, ఫ్యాక్టరీ సీక్వెన్స్ ప్రతి ప్రాసెస్‌లోనూ 0 నుంచే మొదలవుతుందని గుర్తుచేసుకోండి. ఏదో ఒక టెస్టు ట్రాన్సాక్షన్ బయట రాసిన పాత రైతు ఇంకా టేబుల్‌లో ఉన్నాడు, డేటాబేసును కొత్తగా చేయించి ఆ టెస్టును పట్టుకోవాలి.